చంద్రుడు తరిగేది భూమి నీడ వల్ల కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఇరవై ఆరేళ్లుగా పేపర్లు వేస్తున్న ఏజెంటుని. నా కట్టల్లో మీ పత్రికవి రోజూ నూట నలభై కాపీలు ఉంటాయి. నా చేతుల మీదుగా ఇళ్లకు చేరిన పేపర్లో ఒక తప్పు వచ్చింది. దాని గురించి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో చందమామ ఎందుకు చిక్కిపోతాడనే ప్రశ్నకు జవాబు వేశారు. పౌర్ణమి తర్వాత భూమి నీడ చంద్రుడి మీద రోజుకు కొంచెం చొప్పున పడుతుందని, నీడ పూర్తిగా కప్పేసిన రోజే అమావాస్య అని రాశారు. పక్కన బొమ్మ కూడా వేశారు. సూర్యుడు, మధ్యలో భూమి, దాని వెనక నీడలో సగం మునిగిన చంద్రుడు.

మా చిన్నమ్మాయి ఏడో తరగతి. వాళ్ల బడిలో ప్రార్థన అయ్యాక రోజుకొకరు పేపర్లోంచి ఏదైనా ఒక విషయం చదవాలి. సోమవారం మా అమ్మాయి వంతు. ఆ ముక్కే కత్తిరించుకుని వెళ్లి మైకులో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారట. సాయంత్రం వచ్చి ఎంతో సంతోషంగా చెప్పింది. ఆ కాగితం చేతిలోకి తీసుకుని చదివాక నాకు మనసు చివుక్కుమంది. అది తప్పని ఆ పిల్లకు చెప్పాలి. విన్న పిల్లలందరికీ కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

నేను పెద్ద చదువులు చదవలేదు, ఇంటర్‌తో ఆపేశాను. అయితే నా పని తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది. వ్యాను కట్టలు దించి వెళ్లిపోయాక ఒక షాపు అరుగు మీద కూర్చుని జిల్లా పేజీలు లోపల పెట్టుకుంటూ, పాంప్లెట్లు సర్దుకుంటూ ఉంటాం. ఆ వేళకు వీధిలో మేమూ, కుక్కలూ, పైన చంద్రుడూ తప్ప ఇంకెవరూ ఉండరు. ఇరవై ఆరేళ్లుగా ఆయన్ని చూస్తూనే ఉన్నాను. ఏ తిథికి ఎక్కడుంటాడో నాకు కంఠతా వచ్చేసింది. పౌర్ణమి వెళ్లిన మర్నాడు మూడున్నరకు పడమటి వైపుంటాడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి ఉదయిస్తాడు కాబట్టి నేను కట్టలు విప్పేటప్పటికి తూర్పున బాగా పైకి వచ్చి ఉంటాడు. త్రయోదశి నాడైతే నేను సైకిల్ ఎక్కాక, నాలుగున్నర దాటాక, మేడల మధ్య సన్నటి వంకలా పైకొస్తాడు. రోజుకు రెండు ఘడియలు ఆలస్యం అని మా నాన్న అనేవాడు. రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. పుస్తకాల్లో సగటున యాభై నిమిషాలని ఉంటుంది, పెద్ద తేడా లేదు.

ఇన్నేళ్లలో నేను గమనించినది ఒకటే. చంద్రుడి వెలుగు వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. తెల్లవారుజామున కనిపించే వంక, సూర్యుడు ఏ దిక్కున రాబోతున్నాడో ఆ దిక్కుకు వీపు వంచి ఉంటుంది. నెల మొదట్లో బిల్లులు వసూలు చేసుకుంటూ సాయంత్రాలు తిరిగేటప్పుడు తదియ, చవితి చంద్రుడు కనిపిస్తే దాని వెలుగు పడమటికి, సూర్యుడు దిగిపోయిన వైపుకు ఉంటుంది. ఇంకొకటి కూడా చూడండి. చంద్రుడు ఎంత సన్నగా ఉంటే ఆకాశంలో సూర్యుడికి అంత దగ్గరగా ఉంటాడు. భూమి నీడ పడేది సూర్యుడికి ఎదురు దిక్కున. మరి సూర్యుడి పక్కనే ఉన్న చంద్రుడి మీదకు ఆ నీడ ఎలా వస్తుంది?

ఇది ఎవరైనా పట్టపగలే చూసుకోవచ్చు. శుద్ధ అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి పిల్లల్ని డాబా మీదకు తీసుకెళ్లండి. పడమట సూర్యుడు ఉంటాడు, తూర్పు వైపు ఆకాశంలో తెల్లగా అర్ధచంద్రుడు ఉంటాడు. ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. అప్పుడు మన నీడ ఎటు పడుతోందో చూడమనండి. తూర్పుగా, నేల మీదకు పడుతుంది. భూమి నీడ కూడా అటే, తూర్పు దిక్కున నేల అంచుకు కిందుగా వెళ్తుంది. చంద్రుడేమో పైన ఉన్నాడు. నీడకీ ఆయనకీ సంబంధమే లేదు, అయినా సగమే కనిపిస్తున్నాడు. పైగా ఆ రోజు వెలుగుకూ చీకటికీ మధ్య గీత చాకుతో కోసినట్టు తిన్నగా ఉంటుంది. గుండ్రటి భూమి నీడకు అంచు వంపుగా ఉండాలి కదా, తిన్నటి గీత ఎలా వస్తుంది?

మా అమ్మాయికి ఇదంతా మాటల్లో చెబితే ఎక్కలేదు. అప్పుడు హాల్లో లైట్లన్నీ ఆపేసి ఒక్క బల్బు వేశాను. పిల్ల చేతికి టెన్నిస్ బాల్ ఇచ్చి, చెయ్యి చాపి, తలకన్నా కొంచెం ఎత్తులో పట్టుకోమన్నాను. బల్బు సూర్యుడు, బంతి చంద్రుడు, నీ తల భూమి అన్నాను. బల్బుకు ఎదురుగా నిలబడితే బంతికి అవతలి వైపు వెలుగు పడుతుంది, తనవైపు చీకటి. అది అమావాస్య. అలాగే చెయ్యి చాపుకుని ఎడమ వైపుకు మెల్లగా తిరుగుతుంటే బంతికి కుడి అంచున సన్నటి వంక వెలిగింది. పావు వంతు తిరిగేసరికి కుడి సగమంతా వెలిగింది, శుద్ధ అష్టమి. బల్బుకు వీపు పెట్టేసరికి బంతి మొత్తం వెలిగింది, పౌర్ణమి. ఇంకా తిరిగితే ఈసారి కుడి వైపు నుంచి తరగడం మొదలైంది.

"నాన్నా, బంతి ఎప్పుడూ సగం వెలిగే ఉంది. నేనే చూసే చోటు మారుతోంది" అంది.

అంతే విషయం. చంద్రుడిలో సగభాగం ఎప్పుడూ సూర్యకాంతిలోనే ఉంటుంది. ఆ సగంలో మనకు ఎంత కనిపిస్తుందన్నది మన చోటు నుంచి చూస్తే సూర్యుడికి చంద్రుడు ఏ పక్కన, ఎంత ఎడంగా ఉన్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. పెరగడం, తరగడం అని మనం పిలిచేది దాన్నే. ఇందులో భూమి నీడ ఎక్కడా రాలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించినది ఏమిటంటే, దీని జవాబు మీ పేపర్లోనే మొదటి పేజీ మూల రోజూ వస్తుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ముందు చూసేది ఆ మూలే, అది లేకపోతే నాకు ఫోన్ చేసి అడుగుతారు కూడా. తిథి అంటే అసలు ఏమిటి? ఆకాశంలో సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడన్న కొలత. పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు 360 డిగ్రీలు, ఒక చుట్టు పూర్తి, ఒక చాంద్రమాసం, ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అష్టమి సగానికి చంద్రుడు సూర్యుడికి సరిగ్గా 90 డిగ్రీల దూరంలో ఉంటాడు, అందుకే సగం వెలుగు. పౌర్ణమి ముగిసే క్షణానికి 180 డిగ్రీలు. చంద్రుడి నడక ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తిథి ఒకరోజు ఇరవై గంటలే ఉండొచ్చు, ఇంకోరోజు ఇరవై ఆరు గంటలు ఉండొచ్చు. మన పెద్దలు చంద్రకళల్ని కోణాలతో లెక్కగట్టారు, నీడతో కాదు. నీడను గ్రహణానికి ఉంచారు. 499లోనే ఆర్యభటుడు సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడని, చంద్రుణ్ణి భూమి పెద్ద నీడ కప్పుతుందని రాశాడు.

బల్బు ముందు ఆట ఆడుతున్నప్పుడు మా అమ్మాయి చెయ్యి నొప్పెట్టి బంతిని కొంచెం కిందకు దించింది. అప్పుడు తను బల్బుకు వీపు పెట్టి నిలబడి ఉంది. తల నీడ బంతి మీద పడి బంతి మాయమైంది. "ఇదే చంద్రగ్రహణం" అన్నాను. వెంటనే అడిగింది, అయితే ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదని. ఆ ప్రశ్న మీ పేజీలో రావలసింది.

దానికి నేను ఒక బత్తాయి, ఒక పెద్ద గోలీ తీసుకున్నాను. బత్తాయి ఏడు సెంటీమీటర్లు ఉంటే, ఆ లెక్కన చంద్రుడు రెండు సెంటీమీటర్ల గోలీ. అసలు భూమి అడ్డుకొలత దాదాపు 12,742 కిలోమీటర్లు, చంద్రుడిది 3,474. రెండింటి మధ్య దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే ముప్పై బత్తాయిలు వరసగా పెట్టినంత, ఏడడుగులు. పిల్లను ఏడడుగుల దూరంలో గోలీ పట్టుకుని నిలబెట్టాను. బొమ్మల్లో భూమినీ చంద్రుణ్ణీ పక్కపక్కనే వేస్తారు, అందుకే నీడ ఎప్పుడూ తగులుతున్నట్టే అనిపిస్తుంది. ఏడడుగుల అవతల భూమి నీడ వెడల్పు రెండంగుళాలు మాత్రమే. చంద్రుడు తిరిగే దారి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారికి ఐదు డిగ్రీల పైచిలుకు వంగి ఉంటుంది. ఐదు డిగ్రీలంటే చిన్నదే అనిపిస్తుంది గానీ ఏడడుగుల దూరంలో అది దాదాపు జానెడు. గోలీ జానెడు పైనుంచో, జానెడు కిందనుంచో కూడా దాటిపోవచ్చు. నీడేమో రెండంగుళాలు. చాలా పౌర్ణములకు తగలకపోవడంలో వింతేముంది?

మా ఆవిడ గాజులు రెండు ఒకదానిలో ఒకటి దూర్చి కొంచెం ఏటవాలుగా పట్టుకున్నాను. రెండూ రెండు చోట్లే కలుస్తాయి. ఒక గాజు సూర్యుడు నడిచినట్టు కనిపించే దారి, రెండోది చంద్రుడి దారి. అవి కలిసే ఆ రెండు చోట్లనే పంచాంగంలో రాహువు, కేతువు అంటారు. సూర్యుడు ఆ రెండింట్లో ఒకదాని దగ్గరకు వచ్చినప్పుడు పౌర్ణమి పడితే చంద్రగ్రహణం, అమావాస్య పడితే సూర్యగ్రహణం. అలాంటి అదను దాదాపు ఆరు నెలలకొకసారి వస్తుంది. ఆ చోట్లు కూడా కదలకుండా ఉండవు, వెనక్కి జరుగుతూ పద్దెనిమిదిన్నరేళ్లకు పైగా పట్టి ఒక చుట్టు తిరుగుతాయి. రాహువు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటాడని పెద్దవాళ్లు అనేది ఈ లెక్కే. పామూ మింగడమూ కథ అయితే అయింది, ఆ కథలో దాచిన లెక్క మాత్రం నిక్కమైనది. నాకు దాని మీద గౌరవం ఉంది.

ఇది ఈమధ్య మనందరి కళ్ల ముందూ జరిగింది. 2025 సెప్టెంబర్ 7, భాద్రపద పౌర్ణమి రాత్రి 9 గంటల 57 నిమిషాలకు గ్రహణం పట్టింది. 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా సంపూర్ణం. 1 గంట 26 నిమిషాలకు విడిచింది. ఎలాగూ మూడింటికి లేవాలి కదా అని ఆ రాత్రి నేను పడుకోలేదు. డాబా మీద చాప వేసుకుని, మబ్బులు జరిగినప్పుడల్లా చూశాను. నీడ అంచు వంపుగా, పెద్ద పళ్లెం అంచులా చంద్రుడి మీదకు పాకింది. మూడున్నర గంటల్లో అంతా అయిపోయింది, పదిహేను రోజులు పట్టలేదు. సంపూర్ణంగా పట్టినప్పుడు కూడా నల్లబడలేదు, రాగి చెంబు రంగుకు వచ్చాడు. ఆ వేళ భూమి అంచు చుట్టూ ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ కుంకుతోందో, ఆ ఎర్రటి కాంతి మన గాలిలోంచి వంగి వెళ్లి చంద్రుడి మీద పడుతుంది. అమావాస్య కూడా భూమి నీడే అయితే ఆ రాత్రి కూడా ఎర్ర చంద్రుడు కనిపించాలి.

ఆ తర్వాత ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం, ఐదు పౌర్ణములు గ్రహణం లేకుండా వెళ్లాయి. ఆరోది ఫాల్గుణ పౌర్ణమి, 2026 మార్చి 3. మన దగ్గర చంద్రుడు ఉదయించేటప్పటికే గ్రహణం చివరికొచ్చింది, సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు విడిచింది. మూడో తారీఖు కదా, నేను బిల్లుల మీద తిరుగుతున్నాను. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగి ఐదో అంతస్తు పైకెక్కాను. పడమట పొద్దు కుంకింది, సరిగ్గా దానికి ఎదురుగా తూర్పున పక్కన కొరికినట్టున్న చంద్రుడు లేచాడు. ఒక వైపు సూర్యుడు, ఎదురుగా చంద్రుడు, మధ్యలో నేను నిలబడ్డ భూమి. బొమ్మ అక్కర్లేకుండానే అర్థమైంది. మీరు పిల్లల పేజీలో వేసిన బొమ్మ ఆ రోజుకైతే సరిగ్గా సరిపోయేది. చంద్రుడు తరగడమనే శీర్షిక కింద మాత్రం అది తప్పు.

అమావాస్య చంద్రుణ్ణి ఎవరూ చూడలేరు, ఒక్క సూర్యగ్రహణం రోజు తప్ప. ఆ నల్లటి బిళ్ల ఆయనే. 1980 ఫిబ్రవరి 16న నాకు ఆరేళ్లు. నల్గొండ వైపు సంపూర్ణ గ్రహణం, మనకు చాలావరకు పట్టింది. మధ్యాహ్నం అమ్మ తలుపులన్నీ వేసేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. మాది పెంకుటిల్లు. మామూలుగా పెంకుల సందుల్లోంచి నేల మీద గుండ్రటి వెలుగు చుక్కలు పడేవి. ఆ రోజు ఆ చుక్కలన్నీ మెల్లగా నెలవంకలైపోయాయి. చాప మీద, అమ్మ చీర మీద, నా కాళ్ల మీద ఎన్నో నెలవంకలు. భయపడి ఏడ్చాను. చిన్న సందులోంచి పడే వెలుగు సూర్యుడి బొమ్మేనని, దాన్ని కొరికింది అమావాస్య చంద్రుడేనని తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే నేను భయపడకుండా చూసి ఉండేవాణ్ణి.

ఇక మన ఊరి సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కనపడలేదు. సూర్యుడు చంద్రుడికన్నా నాలుగు వందల రెట్లు పెద్ద, సుమారు నాలుగు వందల రెట్లు దూరం, అందుకే ఇద్దరూ మన కంటికి ఒకే సైజులో ఉంటారు, ఒకరు ఇంకొకరిని సరిగ్గా కప్పగలుగుతారు. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పోగ్సన్ కాచుకుని ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలు వాయువులేనని ఆ రోజు తేలింది. మర్నాడు గ్రహణం లేకుండానే జాన్సెన్ మన గుంటూరులోనే వాటి కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే రేఖల్ని మళ్లీ చూశాడు. ఆ రేఖల్లో పసుపు పచ్చది ఒకటి కొత్త మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో. హీలియం కథలో మన ఊరి పేరుంది. అలాంటి ఊళ్లో ఒక పిల్ల మైకు ముందు నిలబడి, అమావాస్య అంటే భూమి నీడ అని చదవడం నాకు నచ్చలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నా లైనులో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో బాబు పెదవి చీలికతో పుట్టాడు. మనవాళ్లు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం పూట కూరగాయలు తరిగావని అత్తగారి ఇంట్లో ఆ తల్లిని ఏళ్ల తరబడి అన్నారు. బాబుకు ఆపరేషన్ అయింది, చక్కగా మాట్లాడుతున్నాడు, ఆ తల్లి మాత్రం ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటుంది. కడుపులో బిడ్డకు పెదవి ఏర్పడేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్యలో. చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే సరిగ్గా తెలియదు. చంద్రుడి మీద పడేది ఉత్త నీడ. ఆ నీడ ఏ తల్లి కడుపులోకీ రాదు. గ్రహణం విడిచాక తలస్నానం చేసేవాళ్లను నేనేమీ అనను, మా ఇంట్లోనూ చేస్తారు. కానీ పిల్లలు చదివే పేజీలో నీడ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో స్పష్టంగా ఉంటే, వాళ్లు పెద్దయ్యాక ఇంకో తల్లిని అలా అనరని నా నమ్మకం.

కాబట్టి నా మనవి. అదే పేజీలో, అదే సైజులో సవరణ వేయండి. ఒక బొమ్మలో చంద్రుణ్ణి భూమి చుట్టూ ఎనిమిది చోట్ల పెట్టి, అన్నిట్లోనూ సూర్యుడి వైపు సగం వెలుగు చూపించండి. పక్కన ఇంకో బొమ్మలో వంగిన దారి, భూమి నీడ వేయండి. 2028 డిసెంబర్ 31 రాత్రి మనకు కనిపించేలా సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. పదిన్నర ప్రాంతంలో కొత్త సంవత్సరం కోసం అందరూ మేలుకునే ఉంటారు. దాని గురించి కూడా ఒక ముక్క రాయండి.

సవరణ ఏ ఆదివారం వేస్తారో రెండు రోజుల ముందు మా డిపోకు చెప్పించండి చాలు. ఆ రోజు నా ఇండెంటులో పది కాపీలు ఎక్కువ రాయించుకుంటాను, డబ్బులు నేనే కట్టుకుంటాను. సోమవారం ప్రార్థనలో మళ్లీ చదువుతానని మా అమ్మాయి టీచర్‌ని అడిగి ఒప్పించుకుంది. మిగతా కాపీలు తరగతికొకటి ఇస్తుందట.

ఇట్లు,
పేపర్ ఏజెంటు,
బ్రాడీపేట, గుంటూరు